1800ఈ కోసం వెళ్ళి 1800ఈఎస్ తెచ్చుకున్నాం: ఎనిమిది నెలల నా అనుభవం

2024 ఫిబ్రవరిలో మొదలైన పని అక్టోబర్ చివరికి ముగిసింది. పాత వోల్వో కొనాలనుకుంటున్న మనవాళ్ళు ఇక్కడ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇద్దరు ముగ్గురు నన్ను ఫోన్ చేసి అడిగారు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతున్నాను. అందుకే ఏ రోజు ఏం జరిగింది, ఎక్కడ ఎంత ఖర్చయింది, ఎక్కడ తప్పు చేశాను, అన్నీ వరసగా రాస్తున్నాను.

మొదటి నుంచీ నాకు కావాల్సింది వోల్వో 1800ఈ. రెండు తలుపుల కూపే. పదకొండేళ్ళ కిందట ఈ ఊరు వచ్చిన కొత్తలో, జూన్ నెలలో ఒక సాయంత్రం ట్రామ్ స్టాప్ దగ్గర నిలబడి ఉంటే నా ముందే ఒకటి ఆగింది. తలుపు మీద మొదలై వెనక లైటు దాకా సాగే ఆ గీత చూస్తూ నా ట్రామ్ వదిలేసుకున్నాను. అప్పటి నుంచీ అదే మనసులో ఉంది. 1970 మోడల్ నుంచి కూపేకి 2 లీటర్ల ఇంజిన్, బాష్ ఫ్యూయల్ ఇంజెక్షన్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు వచ్చాయి. కొంటే అదే కొనాలి అనుకున్నాను.

1800ఈఎస్ అంటే అదే కారు. ముందు భాగం, తలుపుల దాకా తేడా ఏమీ ఉండదు. అక్కడి నుంచి పైకప్పును వెనక్కి సాగదీసి, చివర మొత్తం ఒకే అద్దం పెట్టారు. జర్మన్లు దాన్ని స్నో వైట్ శవపేటిక అంటారు, స్వీడన్‌లో చేపల బండి అంటారు. నిజం చెప్పాలంటే నాకు ఫొటోల్లో అది నచ్చేది కాదు. అందమైన కారుకి వెనక పెట్టె తగిలించినట్టు అనిపించేది. మా ఆవిడకి మాత్రం అదే నచ్చింది. "సామాను పెట్టుకుని ఎటైనా వెళ్ళొచ్చు కదా" అనేది.

సేకరించేవాళ్ళతో మాట్లాడితే అందరూ ఒకటే మాట: ఈఎస్ అరుదు, రెండేళ్ళే చేశారు, రేటు ఎక్కువ ఉంటుంది. నేను లెక్కలు తీశాను. ఈఎస్ 1972, 73 మోడళ్ళు కలిపి 8,077. కూపే 1800ఈ మూడు మోడల్ సంవత్సరాల్లో కలిపి 9,414. రెంటికీ పెద్ద తేడా ఏముంది? పైగా 1972 మోడల్ 1800ఈ 1,865 మాత్రమే వచ్చాయి. "అరుదు" అనే మాట విని ఎక్కువ డబ్బు ఇవ్వకూడదని అప్పుడే అనుకున్నాను. బడ్జెట్ రెండున్నర లక్షల క్రోనాలు పెట్టుకున్నాం. అప్పట్లో క్రోనా మన డబ్బులో సుమారు 8 రూపాయలు, అంటే 20 లక్షలు. ఆరేళ్ళు దాచిన డబ్బు అది.

మార్చి 9, శనివారం. బొరోస్ దగ్గర ఒక పల్లెలో 1971 మోడల్ 1800ఈ చూశాం. ఎర్ర రంగు, తళతళ మెరుస్తోంది. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్ళేటప్పుడు ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) మీట నొక్కితే వెంటనే పట్టింది. అడిగింది 2,30,000. ఇంకో పార్టీ మధ్యాహ్నం వస్తున్నారని అమ్మే ఆయన చెప్పగానే నాకు టెన్షన్ మొదలైంది. అక్కడే నిలబడి ఫోన్లో స్విష్ ద్వారా 10,000 అడ్వాన్స్ పంపేశాను. మెకానిక్ దగ్గర ర్యాంపు ఎక్కించి అడుగు భాగం చూపించాకే కొంటానని, నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలని నోటితో చెప్పాను. ఆయన తలూపాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

రాత్రి నాన్నకి వీడియో చూపించాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీలకి టింకరింగ్ చేశారు. ఇంజిన్ శబ్దం విని "బానే ఉంది" అన్నారు. తర్వాత అడిగారు: "ఒరేయ్, పెయింట్ ఎప్పుడేశారు?"

"రెండేళ్ళయిందట నాన్నా."

"బానే ఉన్న బండికి పెయింట్ ఎందుకేశాడో అడిగావా?"

అడగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడ కొత్తగా కొనేవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. స్వీడన్‌లో 50 ఏళ్ళు దాటిన కార్లకి 2018 మే నుంచి తప్పనిసరి తనిఖీ లేదు. 30 ఏళ్ళు దాటితే రోడ్డు టాక్స్ కూడా లేదు. వినడానికి బాగుంటుంది. కానీ దాని అర్థం ఏమిటంటే, ఆ కారు అడుగు భాగాన్ని కొన్నేళ్ళుగా ప్రభుత్వం తరఫున ఎవరూ చూడలేదని. నేను చూసిన ఎర్ర కారుకి చివరి తనిఖీ కాగితం 2019ది. పెయింట్ ఆ తర్వాత వేసింది.

పాత వోల్వోలు మాత్రమే చేసే ఒక మెకానిక్ దగ్గర టైమ్ తీసుకున్నాను. పన్నెండు రోజులు ఆగాల్సి వచ్చింది. మార్చి 21న కారు ర్యాంపు ఎక్కింది. గంటన్నరకి 1,900 క్రోనాలు. నాన్న చెప్పారని మా ఫ్రిజ్ మీద ఉన్న చార్మినార్ బొమ్మ మాగ్నెట్ జేబులో వేసుకెళ్ళాను. రంగు గీరుకోకుండా మెత్తటి గుడ్డ చుట్టి, తలుపు మీద పెడితే గట్టిగా అంటుకుంది. తలుపు కింద పొడుగ్గా ఉండే సిల్ మీద పెట్టుకుంటూ వెనక్కి వెళ్ళాను. వెనక చక్రానికి జానెడు దూరంలో మాగ్నెట్ జారి నా అరచేతిలో పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అక్కడ ఇనుము లేదు. అంతా పుట్టీ.

అమ్మే ఆయన అనుమతి తీసుకుని మెకానిక్ లోపలి వైపు నుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. శబ్దం కూడా రాకుండా లోపలికి దిగిపోయింది. బిస్కెట్ పొడిలా తుప్పు రాలింది. ఈ కార్లకి కింద వేరే చాసిస్ లేదు, ఆ సిల్సే బలం. పైగా ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి కావు, వెల్డింగ్ చేసినవి. సిల్ సరిగ్గా మార్చాలంటే మడ్‌గార్డు కింది భాగం కోసి, పని అయ్యాక మళ్ళీ అతికించి, మొత్తం పెయింట్ వేయాలి. రెండు వైపులా కలిపి లక్ష క్రోనాల పైమాటే అన్నాడు. హెడ్‌లైట్ల వెనక, స్పేర్ టైరు పెట్టే గుంటలో కూడా అదే కథ.

ఇంజిన్ మాత్రం చాలా బాగుందని చెప్పాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అడ్వాన్స్ కోసం పన్నెండు రోజులు మెసేజ్‌లు పెట్టాను. చివరికి 5,000 వచ్చింది. "ఆ పన్నెండు రోజులూ వేరే పార్టీలని వదులుకున్నాను" అని ఆయన వాదన. నోటి మాట కాబట్టి నేను ఏమీ చేయలేకపోయాను. రెండు లైన్లు కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టుకుని ఉంటే ఆ 5,000 పోయేది కాదు.

ఏప్రిల్‌లో ఇంకో రెండు 1800ఈలు చూశాను. ఒకటి నేను చేరేలోపే అమ్ముడుపోయింది. రెండోదానికి ముందు వైపు అడ్డంగా ఉండే ఇనుప దూలం (క్రాస్‌మెంబర్) కుళ్ళి ఉంది, మాగ్నెట్ బయటికి తీసే అవసరం కూడా రాలేదు. నాన్నకి ఫోన్ చేస్తే ఇలా అన్నారు: "ఇంజిన్‌దేముందిరా, డబ్బులు పడేస్తే బాగవుతుంది. బాడీ పోయాక ఏం చేస్తావు? ఈ కారు కావాలి, ఆ కారు కావాలి అని వెళ్ళకు. మంచి బాడీ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళు."

ఆయన ఈ కార్ల గురించి ఎప్పుడూ వినలేదు. అయినా ఆయన చెప్పింది నిజం. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే ఆయన 1966లో కొన్న ఇదే జాతి కారులో 30 లక్షల మైళ్ళు దాటించారు. ఇంజిన్ సంగతి అలాంటిది. వీటిని తినేసేది చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు.

మే 25, శనివారం. యోన్‌షోపింగ్ దగ్గర ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో 1972 మోడల్ 1800ఈఎస్ ఉందని తెలిసి, మా ఆవిడ పోరు పెడితే వెళ్ళాం. ముదురు నీలం. 2011లో ఆయన కాలిఫోర్నియా నుంచి తెప్పించుకున్నారు. అందుకే స్పీడోమీటర్ మైళ్ళల్లో ఉంది, ఎండకి డ్యాష్‌బోర్డ్ మూడు చోట్ల పగిలింది. అమెరికా కోసం చేసిన కారు కాబట్టి ఇంజిన్ కూడా వేరు: కంప్రెషన్ తగ్గించిన బీ20ఎఫ్. సేకరించేవాళ్ళు స్వీడన్‌లో అమ్మిన బీ20ఈ ఇంజినే కావాలంటారు, పవర్ దానికే ఎక్కువ.

మాగ్నెట్ తీశాను. సిల్స్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా, చక్రాల చుట్టూ, హెడ్‌లైట్ల కింద, వెనక మూలల్లో, అన్నిచోట్లా టప్ టప్ మని అంటుకుంది. కింద పడుకుని చూశాను. యాభై ఏళ్ళ నాటి ఫ్యాక్టరీ పూత అక్కడక్కడా అలాగే ఉంది.

ఫోన్లో నాన్నకి ఇంజిన్ వినిపించాను. "టాపెట్లు కొంచెం మోగుతున్నాయి. మోగనీ. మరీ టైట్‌గా ఉంటేనే వాల్వులు కాలిపోతాయి" అన్నారు. టాపెట్లంటే ఇంజిన్ వాల్వులని కదిపే భాగాలు. నేను ఆ మాట చెబితే టీచర్ గారు నవ్వి, తను కూడా కావాలనే అలా ఉంచానని చెప్పారు. భాష తెలియని ఇద్దరు పెద్దవాళ్ళు ఫోన్లో ఒకరికొకరు చెయ్యి ఊపుకున్నారు.

అప్పుడు ఆయన వెనక తలుపు తీసి చూపించారు. ఫొటోల్లో నాకు నచ్చనిది అదే. దగ్గరికి వెళ్తే నోట మాట రాలేదు. దానికి ఫ్రేమ్ అనేది లేదు. ఒకే ఒక్క అద్దం. కబ్జాలు, గొళ్ళెం అన్నీ ఆ అద్దానికే బోల్టులతో బిగించారు. మంచు కరిగించే సన్నటి వేడి తీగలు అద్దంలో అడ్డంగా సాగుతున్నాయి. అద్దం అంచు మీద వేలు పెట్టి పైకి లేపితే బరువుగా, నెమ్మదిగా లేచింది. మూసేటప్పుడు గట్టిగా వేయకూడదని, రెండు చేతులతో నొక్కి వదలాలని ఆయన నాతో నాలుగు సార్లు చేయించారు. అది పగిలితే ఇంకోటి దొరకడం చాలా కష్టం. దొరికినా చెప్పినంత ఇవ్వాల్సిందే. కూపే కొనేవాళ్ళకి ఈ భయం ఉండదు, వెనక మామూలు డిక్కీ మూతే కాబట్టి.

రేటు 2,65,000. అప్పటికప్పుడు తీసుకుంటామన్నాం. ఆయన ఒప్పుకోలేదు. ఇంకో ఇద్దరు చూసి వెళ్ళారని, ఎవరికివ్వాలో ఆలోచించుకుని చెబుతానని అన్నారు. చలికాలంలో నడుపుతావా, ఎక్కడ పెడతావు, గ్యారేజీలో చెమ్మ ఉంటుందా, ఇవే ప్రశ్నలు. డబ్బు సంగతి చివర్లో ఒక్కసారి అడిగారు.

మూడు వారాలు ఎదురుచూశాం. ఆ మూడు వారాలూ నేను రెండు కార్లనీ మనసులో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఎర్ర కూపేలో మంచి ఇంజిన్, నాకు నచ్చిన ఆకారం, కింద పుట్టీ. నీలం ఈఎస్‌లో తక్కువ పవరున్న ఇంజిన్, పగిలిన డ్యాష్‌బోర్డ్, కింద గట్టి ఇనుము. పుస్తకంలో చూసి కొనేవాడైతే మొదటిదే గొప్ప. కానీ ర్యాంపు మీద రాలిన ఆ తుప్పు పొడి నా కళ్ళ ముందు నుంచి పోలేదు. జూన్ 15న ఫోన్ వచ్చింది. 2,55,000కి ఇస్తానన్నారు. ఎందుకు తగ్గించారని అడిగితే, డ్యాష్‌బోర్డ్ బాగు చేయించమని చెప్పారు. అనుకున్న దానికంటే 5,000 ఎక్కువే, అయినా వెంటనే సరే అన్నాను.

మిడ్‌సమ్మర్ పండగ అయ్యాక జూన్ 29న వెళ్ళి తెచ్చుకున్నాం. ఈసారి రెండు కాపీల మీద అన్నీ రాసుకున్నాం. డబ్బు బ్యాంకు నుంచి ట్రాన్స్‌ఫర్ చేసి, ఆయన ఖాతాలో పడేదాకా వంటింట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాం. రిజిస్ట్రేషన్ పత్రంలోని పసుపు కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం, ఆయన పోస్టులో పంపారు. గురువారానికి కారు నా పేరు మీదికి మారింది.

బయల్దేరే ముందు "ఒక్క నిమిషం" అని ఆయన అటక ఎక్కారు. పాత ఉన్ని దుప్పట్లో చుట్టి, తాళ్ళతో కట్టిన పెద్ద పలక ఒకటి నేనూ ఆయనా కలిసి కిందికి దింపాం. ఇంకో వెనక అద్దం. 2014లో ఎక్కడో కొని దాచారట. "ఇది కారుతోనే వెళ్ళాలి" అన్నారు, విడిగా ఒక్క క్రోనా తీసుకోలేదు. వెనక సీటు మడిచి, దుప్పటితో సహా దాన్ని పడుకోబెట్టాం. కూపే అయితే ఆ అద్దం అందులో పట్టేదే కాదు. 40వ నంబరు రోడ్డు మీద గోథెన్‌బర్గ్ దాకా సుమారు 150 కిలోమీటర్లు, 80 దాటకుండా వచ్చాను. మా ఆవిడ వెనక్కి తిరిగి, ఒక చెయ్యి ఆ దుప్పటి మీద వేసి కూర్చుంది.

తర్వాత ఎదురైనవి. పాత కార్ల ప్రత్యేక ఇన్సూరెన్స్ కావాలంటే ముందు క్లబ్బులో చేరాలి. క్లబ్బు నుంచి ఒకరు వచ్చి కారు చూసి, ఫారం మీద సంతకం పెట్టారు. ఫొటోలతో పంపాను. పాలసీ రావడానికి ఐదు వారాలు పట్టింది. అప్పటిదాకా మామూలు ఇన్సూరెన్స్ కట్టాల్సి వచ్చింది, దానికి 1,400 అయింది. ఇది ముందే మొదలుపెట్టుకోండి.

జూలై 13న సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. అరగంట ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే అవ్వలేదు. నలభై నిమిషాలు చల్లారాక అయింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే. కారు కొని రెండు వారాలే, తప్పు చేశానేమో అని కడుపులో రాయి పడ్డట్టయింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే సెలవులో ఉన్నాడు. జూలైలో స్వీడన్ మొత్తం సెలవే. ఆగస్టు 12 దాకా కారు కదల్లేదు. తీరా చూస్తే ఇంజెక్షన్ వైరింగ్ పైపూత అంతా పెళుసెక్కి, కనెక్టర్ల దగ్గర తీగలు బయటపడి ఉన్నాయి. టెంపరేచర్ సెన్సర్ నుంచి తప్పుడు సంకేతం వెళ్ళి, ఇంజిన్ వేడిగా ఉన్నా పెట్రోలు ఎక్కువ పోస్తోంది. కొత్త వైరింగ్‌కీ పనికీ కలిపి 7,400. ఈ రోగం 1800ఈకీ ఉంటుంది, ఇంజెక్షన్ రెంటికీ అదే కాబట్టి. పాత పెట్రోలు గొట్టాలు కూడా మార్పించాను. ఇక్కడ 95 ఆక్టేన్ పెట్రోలులో 2021 ఆగస్టు నుంచి 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత కార్ల రబ్బరుకి పడదు, అందుకని 98 ఆక్టేన్ మాత్రమే పోయిస్తున్నాను.

ఈఎస్‌కి మాత్రమే ఉండే సమస్య ఇంకోటి. సైలెన్సర్ వాసన లోపలికి వచ్చేది. వెనక అద్దం చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు గట్టిపడి, కింది మూలలో సందు పడింది. రాత్రి పూట లోపల టార్చ్ పెట్టి బయట నుంచి చూస్తే వెలుతురు కనిపించింది. ముల్‌షోలోని విడిభాగాల కంపెనీ నుంచి కొత్త రబ్బరు తెప్పించి నేనే వేశాను. ఒక శనివారం మొత్తం పట్టింది. మూలల్లో రబ్బరు సాగదీయకుండా, వదులుగా నొక్కుతూ వెళ్ళాలి. సాగదీస్తే చలికి మళ్ళీ కుంచించుకుపోతుందని నాన్న చెప్పారు.

రెండూ నడిపాను కాబట్టి చెబుతున్నాను: కూపే చురుగ్గా ఉంటుంది, లోపల శబ్దం తక్కువ. ఈఎస్‌లో వెనక నుంచి గుయ్ మని ఒక శబ్దం ఎప్పుడూ వినిపిస్తుంది, ఎండ రోజుల్లో వెనక అద్దాల వల్ల లోపల ఉక్కపోస్తుంది. కానీ వెనక్కి చూస్తే రోడ్డంతా కనిపిస్తుంది, గుడారం, మడత కుర్చీలు, వంట సామాను అన్నీ పడతాయి. వెనక సీటు రెంటిలోనూ చిన్నపిల్లలకే సరిపోతుంది. ఇప్పుడు నన్ను అడిగితే రెంటిలో ఏదైనా కొంటాను, సిల్స్ బాగుంటే చాలు.

కారు కాక మొత్తం ఖర్చు 24,600 క్రోనాలు అయింది. అందులో పోయిన అడ్వాన్స్, ర్యాంపు, వైరింగ్, రబ్బరు, టైర్లు, క్లబ్బు, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నాయి. డ్యాష్‌బోర్డ్ ఇంకా చేయించలేదు.

అక్టోబర్ 26న, రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలవకముందే, కారుని గ్యారేజీలో పెట్టేశాను. అద్దె నెలకి 1,100. రెండో అద్దం మా పడకగదిలో అల్మారా వెనక, అదే ఉన్ని దుప్పట్లో నిలబెట్టి ఉంది. నాన్న మే నెలలో వస్తున్నారు, టికెట్ తీసేశాను. నిన్న ఫోన్ చేసి, బ్యాటరీ విప్పావా, టైర్లలో గాలి ఎక్కువ పెట్టావా అని అడిగారు. రెండూ చేశానని చెప్పాను. "సరే, ఆ టాపెట్లు మాత్రం ముట్టుకోకు. నేనొచ్చాక చూద్దాం" అన్నారు.